మీ రోజువారీ ఫొటోలు, వాటి వెనక సంగతులు ఇక్కడ పెట్టండి

గోదారిగట్టు
అందరికీ నమస్కారమండి. సూర్యోదయాలు, గండికోట లోయ, పాపికొండలు, కొంగల బారులు చూసి చూసి మొహం మొత్తేసిందండి. ఇక్కడ మాత్రం రోజూ కళ్ళముందు జరిగేవి, ఎవరూ కెమెరా ఎత్తనివి పెట్టండి. ఫొటో కింద దానికి ముందూ వెనకా ఏం జరిగిందో రాయండి. ఏ కెమెరా, ఏ లెన్సు అనేది రాస్తే రాయండి లేపోతే లేదు.

నేనే మొదలెడతాను. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇల్లండి ఇది. నెయ్యి రాసి బెల్లంపొడి చల్లి మడతెట్టేది అందరూ తీస్తారు, నాకు రేకు తీయడం కావాలి. బోర్లించిన కుండ, లోపల కొబ్బరాకుల మంట, పక్కన బేసిన్లో జయ బియ్యం రుబ్బిన పిండి, పాలకన్నా పల్చగా ఉంటది. అందులో ముంచిన గుడ్డని రెండు చేతులతో పట్టుకుని కుండ మీంచి ఒక్కసారి లాగుతారు, లాగీ లాగగానే ఆవిరి లేస్తది, రేకు అంచు పైకి లేస్తది, వేలితో పట్టుకుని తీసెయ్యాలి, చూస్తా కూర్చుంటే మాడిపోద్ది. రెండు సెకన్ల పని. ఆవిడ మాత్రం నాతో మాట్లాడుతూనే ఉన్నారు, మీ అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా బాబూ అని, చేతులు వాటి మానాన అవి పోతన్నాయి.

చిక్కెక్కడంటే కుండ కాటుకలా నల్లగా ఉంటది, రేకేమో తెల్లగా పొరలా. కెమెరాకి వదిలేస్తే అది కుండని చూసి వెలుగు పెంచేసి రేకుని తెల్ల అట్టముక్క చేసేస్తది. అందుకని ఎక్స్‌పోజర్ (అంటే కెమెరాలోకి పోయే వెలుగు) ఒకటిన్నర స్టాపు దించేసి, వెనక తలుపులోంచి వెలుగు రేకు మీద పడేలా నేను నేల మీద చతికిలబడ్డాను. రేకు పైకెత్తినప్పుడు దాన్లోంచి ఆవిడ వేళ్ళు కనపడుతున్నాయి చూడండి, దాని కోసమే పొద్దున్నంతా కూర్చున్నది. తెర మీద చూపిస్తే ఆవిడ వేళ్ళూ చూడలేదు రేకూ చూడలేదు, "ముందే చెప్తే మట్టిగాజులు తీసి మంచివి వేసుకునేదాన్ని కదా" అన్నారు.

ఐఎస్ఓ6400
రేకులోంచి వేళ్ళు కేక అసలు. షట్టర్ ఎంత? పొగ అడ్డం రాలేదా?

గోదారిగట్టు
1/250 సెకనండి, లెన్సు బాగా తెరిచి ఎఫ్2, పాత 50 ఎంఎం లెన్సు. పొగ ఉండబట్టే కదండీ తలుపులోంచి వచ్చే వెలుగు చారలా కనపడింది, అది లేపోతే ఫొటో చప్పగా ఉండేది. లెన్సు మీద మాత్రం సన్నగా జిడ్డు పేరుకుంది, ముందు ఫిల్టర్ ఉంది కాబట్టి సరిపోయింది.

ఓరుగల్లు పిల్ల
నాది ఫోన్‌తోటి తీసిందే, నవ్వకుండ్రి. బతుకమ్మ ఆడేది అందరు తీస్తరు, పేర్చేది గూడ కొందరు తీస్తరు, దానికి ముందుగాల గునుగు పువ్వుకు రంగులు పెట్టేది ఎవ్వరు పట్టించుకోరు. మా అమ్మమ్మ వాళ్ళింటి వాకిట్ల తీసిన. చెలకల పొంటి తిరిగి కోసుకొచ్చిన తెల్ల గునుగును కట్టలు కట్టి, కాడలు సమానంగ కత్తిరించి, రంగు నీళ్ళున్న బకీట్ల పువ్వు మట్టుకే ముంచి తీస్తది. గులాబి ఒక దాంట్ల, ఆకుపచ్చ ఒక దాంట్ల. మనిషి మొఖం లేదు ఫొటోల, చేతులే. కుడిచెయ్యి మణికట్టు దాక గులాబి, ఎడమచెయ్యి పచ్చ, ఎందుకంటే రంగులు కలవొద్దని ఒక్కో బకీటుకు ఒక్కో చెయ్యి పెట్టుకున్నది. నేను తీస్తుంటనే పక్కింటి పిల్లగాడు ఉరికొచ్చి పచ్చ బకీట్ల కాలు పెట్టిండు. ఆ తర్వాతి ఫొటో దీనికంటె మంచిగుంటది గని వాళ్ళమ్మ పెట్టొద్దన్నది, ఏడుస్తున్నడని.

ఒకటి అడుగుత చెప్పుండ్రి. గులాబి కట్టలన్ని ఒకటే ముద్ద లెక్క కనిపిస్తున్నయి, పువ్వు పువ్వు సపరేట్‌గ కనిపిస్తలేదు. పచ్చయి మంచిగనే ఉన్నయి. ఫోన్ అగ్గువది అనేనా?

కిట్‌లెన్స్ చాలు
ఫోన్ వల్ల కాదండి, లక్ష రూపాయల కెమెరాతో తీసినా ఇదే జరగొచ్చు. గులాబీ, ఎరుపు, ఎండలో బంతిపూలు, కుంకుమ, పట్టుచీరలు వీటితో గొడవేంటంటే మొత్తం ఫొటో వెలుగు సరిగ్గానే ఉన్నట్టు కనపడుతుంది కానీ లోపల ఎరుపు, పచ్చ, నీలం అని మూడు ఛానెళ్ళుంటే అందులో ఎరుపుది ఒక్కటీ నిండిపోయి ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి రేకుకీ రేకుకీ తేడా చూపించడానికి ఇక చోటుండదు. వెలుగు ఎంతుందో గీసి చూపించే మామూలు తెల్లరంగు హిస్టోగ్రామ్ చూస్తే దొరకదు, మూడు రంగులు విడివిడిగా చూపించేది పెట్టుకోవాలి. ఫోన్లో అయితే పువ్వు మీద వేలితో నొక్కి పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందకి లాగండి, చీకటిగా ఉందే అనిపించినా ఫర్వాలేదు, తర్వాత లేపుకోవచ్చు. పోయిన వివరం మాత్రం ఏ యాప్‌తోనూ రాదు. ఎర్రటెండలో కాకుండా చూరునీడలో పెట్టి తీస్తే సగం సమస్య అక్కడే పోతుంది. ఇంకోటి, మీ ఫోన్లో వివిడ్ మోడ్ ఏమన్నా ఆన్‌లో ఉందేమో చూడండి, అసలే రంగు పువ్వు, దాని మీద ఫోన్ ఇంకో కోటింగ్ వేస్తుంది.

ఓరుగల్లు పిల్ల
వివిడ్ ఉండె అన్నా!! తీసేసిన. సద్దుల బతుకమ్మకు మళ్ళ తీస్త.

టమోటా మండీ
మాది మదనపల్లి. టమోటా రేటు పెరిగితే టీవీ వాళ్ళు వస్తారు, రేటు పడిపోయి రోడ్డు మీద పారబోస్తే మళ్ళీ వస్తారు, ఈ రెండిటికీ మధ్యలో ఉండే దినాలు ఎవురికీ పట్టవు. ఈ ఫొటో అట్లాంటి దినంది. క్రేట్లు వరసగా పేర్చినారు, వేలంపాట పాడేవాళ్ళు ఇంకా ఈ వరసకి రాలేదు. ఒక పెద్దాయన తన క్రేట్ల ముందర గొంతుక్కూర్చొని, భుజం మీద టవలు తీసి పైవరస కాయల్ని ఒక్కొక్కటే తుడిచి తొడిమ పక్క కిందికి తిప్పి పెడతా ఉండాడు. అడుగున కాయలు ఎట్లుంటాయో ఆయప్పకీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు, అయినా తుడస్తానే ఉండాడు. పాట ఆయన దగ్గరికి వచ్చి అర నిమిషంలో అయిపోయి పక్క వరసకి పోయింది. ఆ తుడిచిన కాయల్ని ఎవురూ చూడను కూడా చూడల్యా. 2023 జూలైలో కిలో వంద దాటి పోయినప్పుడు టమోటా చేన్లకి రాత్రిపూట కావలి పెట్టుకున్యారు జనాలు, అప్పుడు కెమెరాలు లెక్కలేదు. 55-250 జూమ్ లెన్సుతో దూరం నుంచి తీసినా. ఆయప్పకి తెలీదు.

నీలిమసక
టవల్ మీద ఎర్రటి మరకతో సహా బావుంది ఫొటో. కానీ "ఆయప్పకి తెలీదు" దగ్గర ఆగిపోయాను. ముఖం స్పష్టంగా కనపడుతోంది, కింద ఊరి పేరు ఉంది, అడుగున కాయలు ఎలాంటివో అందరికీ తెలుసని కూడా రాశారు. రేపు ఇది తిరిగి తిరిగి ఆయన ఊరి వాట్సాప్ గ్రూపులో పడితే? ఆయనింట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయనుకోండి. నేను ఊరికే గొడవకి అనడం లేదు, మనం గొప్ప మూమెంట్ అనుకునేది అవతలి మనిషికి నలుగురి ముందు తలవంపు కావచ్చు.

ఐఎస్ఓ6400
మళ్ళీ మొదలు. అడిగితే ఇక ఆ ఫొటో ఎక్కడుంటుంది? అడిగిన మరుక్షణం టవల్ భుజాన వేసుకుని, జుట్టు సర్దుకుని, చేతులు కట్టుకుని పాస్‌పోర్ట్ ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సాన్ అంతటాయన తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలు కనపడకుండా నల్ల టేపు చుట్టుకుని తిరిగాడు, ఎవరి కంటా పడకూడదనే కదా. మార్కెట్ పబ్లిక్ ప్లేసు. కనపడింది తీస్తాం.

నీలిమసక
ఆయన 2004లో పోయారు. ఆయన తీసిన మనిషి ముఖం సాయంత్రానికి ఆ మనిషి మేనల్లుడి ఫోన్లోకి వచ్చిపడే కాలం కాదది. తీయొద్దు అనలేదు నేను, తీశాక వెళ్ళి ఒకసారి చూపించొచ్చుగా అంటున్నా. మీరు వెళ్ళకపోవడానికి ఫొటోగ్రఫీ సిద్ధాంతం అక్కర్లేదు, సిగ్గు చాలు, నాకూ ఉంది అది.

బెజవాడ బాబాయ్
ఇద్దరూ కాస్త ఆగండి. అన్నీ ఒకే గాటన కట్టకండి. రైల్వే స్టేషన్లో వెయ్యి మందిలో నడిచిపోయే మనిషి వేరు, ఆస్పత్రి బయట కూర్చున్న మనిషి వేరు. చిన్నపిల్లల విషయంలో మాత్రం నేను చాదస్తుణ్ణే, యూనిఫాం మీద స్కూలు పేరుంటే పెట్టను, ఫొటోలో లొకేషన్ తీసేసి గానీ ఎక్కించను. మీరు ఎక్కించే ఫైల్లో ఏ ఇంటి దగ్గర తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చని చాలామందికి తెలియదు, ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసుకోండి, అదొక్కటి చేయండి చాలు.

హార్బర్ గాలి
అడిగితే ఫొటో చచ్చిపోద్దన్నారు కాబట్టి నాదీ ఒకటి. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారగట్ల ఎల్లి అందరం చేపల వేలం, బుట్టలు, గెద్దలు అవే తీస్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఆ 61 రోజులూ మరబోట్లేవీ కదలవు, అప్పుడు కెమెరా ఉన్నోడు ఒక్కడూ రాడు. నేనప్పుడే ఎల్తాను. బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, రంగులేసుకునేవోళ్ళు, వల బాగుచేసుకునేవోళ్ళు, పేకాడుకునేవోళ్ళు. అందులో ఒక అప్ప ఐసుపెట్టె మీద కూకుని మనవరాలికి జడేస్తంది, పక్కన కత్తిపీట, పనిలేక దాని అంచున ఎర్రగా తుప్పు పట్టీసింది. నాకు జడా కత్తిపీటా రెండూ ఒక ఫ్రేములో గావాల. ఎల్లి అడిగేను.

"తియ్యి బాబూ, తీసి నాకేటిస్తావు? పోయినేడు ఒకడు తీసేడు, పేపర్లో ఏస్తానన్నాడు, ఏసేడో లేదో ఆ దేముడికెరుక, నాకైతే కాయితం ముక్క రాలేదు" అన్నాది. కాయితం నేను తెస్తాను అన్నాను. ఆ పిల్ల ముందు నన్నే చూసింది గుడ్లప్పగించి, అప్ప నెత్తి మీద ఒకటిచ్చి "తిన్నగుండు, పాయ జారిపోతంది" అన్నాది. అంతే. ఇక ఇద్దరికీ నేను అక్కడున్నట్టే లేదు. ఐఎస్ఓ గారూ, అడిగేక ఐదు నిమిషాలు ఊరుకోండి సాలు, ఎవరి పని వాళ్ళకుంటది, మనకోసం చేతులు కట్టుకుని ఎంతసేపు నిలబడతారు?

ఐఎస్ఓ6400
ఫొటో బావుంది, ఒప్పుకున్నా. వాదన ఒప్పుకోలేదు.

పాతరీలు
కాగితం మాట వచ్చింది కాబట్టి ఒక ముసలి స్టూడియో వాడి గోల వినండి. మాది గుంటూరు దగ్గర చిన్న ఊరు, రంగు ఫొటోలు ఇంకా ఖరీదుగా ఉన్న రోజుల్లో స్టూడియో పెట్టాం. బయటికి వెళ్తే అగ్ఫా క్లిక్ 3, 120 రీలు, పన్నెండు ఫొటోలు, పదమూడోది లేదు. నొక్కే ముందు ఎదుటి మనిషి కళ్ళు మూస్తాడేమో ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. ఇప్పుడు మీరు ఒక్క నొక్కుకి వరసపెట్టి ఫొటోలు కొట్టే బర్స్ట్ అంటారే అది మా దృష్టిలో పెళ్ళాం మెళ్ళో పుస్తెలు తాకట్టు పెట్టేంత దుబారా.

స్టూడియోలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా, ఒక కోటు, ఒక చేతిగడియారం ఉండేవి. కోటు అందరికీ పట్టేది కాదు, వెనక పిన్నులు పెట్టేవాళ్ళం, ముందు నుంచి దర్జాగా ఉండేది. ఆ గడియారం ఎప్పుడో ఆగిపోయింది, బాగు చేయించలేదు. ఇప్పటికీ మా ఊళ్ళో ఏ ఇంటికెళ్ళి పాత ఫొటో చూసినా చెయ్యి ముందుకు పెట్టి కూర్చున్న మనిషి ఉంటాడు, టైము పదీ పది అయ్యుంటుంది. మామాఅల్లుళ్ళకీ పదీ పదే, దావా వేసుకున్న అన్నదమ్ములకీ పదీ పదే.

ఈ ఫొటో నా పాత నెగిటివ్‌ల పెట్టెలోదే. నెగిటివ్‌ని కింద బల్బున్న గాజుబల్ల మీద పెట్టి, పెన్సిలు ముక్కు సూదిలా చెక్కి, మొహం మీద మచ్చలున్న చోట చుక్కలు చుక్కలుగా సీసం అద్దేవాళ్ళం. నెగిటివ్‌లో మచ్చ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి అక్కడ సీసం పడితే ప్రింటులో తెల్లబడి చర్మంలో కలిసిపోతుంది. ఫొటోలో ఉన్నాయన మశూచి మచ్చలు మొత్తం తీసేయమన్నాడు, తీసేశాను, వచ్చి చూసుకుని "ఇది నేను కాదయ్యా, మా తమ్ముడు" అన్నాడు. మళ్ళీ సీసం తుడిచి సగం మచ్చలు ఉంచి ఇచ్చాను. మీ బ్యూటీ మోడ్‌కి ఆ తెలివి ఉందా?

అడగడం సంగతి కూడా కొత్తదేం కాదు. రాజా దీన్ దయాళ్ అని ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరు, ఆయన 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం విడిగా జెనానా స్టూడియో పెట్టారు, నడిపిందీ ఒక ఇంగ్లీషు మహిళే. చాటునుంచి తీయడం కుదరని చోట వాళ్ళంతట వాళ్ళు వచ్చి కూర్చునే ఏర్పాటు చేశాడాయన. వ్యాపారమే అనుకోండి, అయినా.

కిట్‌లెన్స్ చాలు
పాతరీలు గారూ, పదీ పది చదివి ఆఫీసులో గట్టిగా నవ్వేశాను. ఆ నెగిటివ్‌లు ఎక్కడున్నాయి? స్కాన్ చేశారా?

పాతరీలు
బియ్యం డబ్బా పక్కన రేకుపెట్టెలో. కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి. స్కానర్ వాళ్ళు ఒక్కో నెగిటివ్‌కి ఇంతని అడుగుతున్నారు, ఉన్నవి వేలల్లో.

కిట్‌లెన్స్ చాలు
అంటుకున్నవి దయచేసి లాగకండి, బొమ్మ ఉండే పొర (ఎమల్షన్) ఊడొచ్చేస్తుంది. విడిగా ఉన్నవాటికి స్కానర్ అక్కర్లేదు. ఏదన్నా మాక్రో లెన్సు (బాగా దగ్గర్నుంచి తీసేది) ఉన్న కెమెరా, కింద సమంగా వెలిగే తెల్లటి వెలుగు. ట్యాబ్ తెర మీద తెల్ల పేజీ పెట్టుకున్నా చాలు, కానీ నెగిటివ్‌ని నేరుగా తెర మీద పెట్టొద్దు, పిక్సెళ్ళ గళ్ళు పడతాయి, మధ్యలో పాలగాజు పలక పెట్టి రెండు మూడు అంగుళాల ఎత్తున ఉంచండి. గదిలో లైట్లు ఆర్పేసి, కెమెరా స్టాండుకి బిగించి, ఎఫ్8 దగ్గర టైమర్ మీద తీసుకోండి, తర్వాత కంప్యూటర్లో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా తిరగేస్తే పాజిటివ్. బ్లాక్ అండ్ వైట్‌కి అయితే ఇది మహా తేలిక. ముందు ఆ పెట్టె మాత్రం వంటింట్లోంచి బయటికి తెచ్చేయండి, తేమా వేడీ రెండూ దానికి పడవు. వివియన్ మేయర్ అని చికాగోలో ఆయాగా పనిచేసినావిడ లక్షకి పైగా ఫొటోలు తీసి దాదాపు ఎవరికీ చూపించలేదు, అద్దె కట్టని గోడౌను సామాను 2007లో వేలం వేస్తే బయటపడ్డాయి. మీ రేకుపెట్టె ఏ పాతసామాన్లవాడి బండెక్కకముందే తీయండి.

హార్బర్ గాలి
తేమ అంటే గుర్తొచ్చింది, సముద్రం పక్కనున్నోళ్ళు లెన్సులు తోలు సంచుల్లో పెట్టి బీరువాలో దాచకండి, సాలీడు గూడులాగ ఫంగస్ పట్టీస్తది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికాజెల్, చిన్న తేమ మీటరు, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుకుంటే సాలు. బియ్యంలో పెట్టమని ఎవరో సలహా ఇస్తారు, దుమ్ము తప్ప ఏటీ రాదు.

జగిత్యాల టు షార్జా
నేను కొత్త. కెమెరా లేదు, ఫోనే. మాకు శుక్రవారం సెలవు. మా క్యాంపుల మంగలి పని వచ్చినాయన ఒకాయన ఉంటడు, డ్యూటీ మాత్రం సెంట్రింగు. శుక్రవారం పొద్దుగాల మెట్ల కింద కుర్చేసి అందరికి కటింగ్ చేస్తడు. ఈ ఫొటోల కుర్చీల కూసున్న తమ్ముని చేతిల ఫోన్ చూడుండ్రి, వీడియో కాల్ నడుస్తున్నది, ఇంటికాడ వాళ్ళ బిడ్డ. మెడ చుట్టు గుడ్డ కట్టుకోని, సగం తల అయినంక ఆ పిల్ల "నాన్న గుండు చేసుకున్నడు" అని ఏడుపందుకున్నది. ఇగ ఆయన అటు మిగిలిన సగం చూపిస్తుండు, ఉన్నయి బిడ్డా ఉన్నయి అని. నవ్వి నవ్వి కత్తెర పట్టినాయన చెయ్యి ఆపేసిండు. అప్పుడు కొట్టిన. చెయ్యి కదలక నిలబడ్డది కాబట్టి క్లియర్‌గ వచ్చింది, లేకుంటె మెట్ల కింద చీకటికి మసక మసక అయ్యేది.

పైన అడుగుడు గురించి కొట్లాడుతున్నరు గదా, మాకిక్కడ ఆ ముచ్చటే లేదు. అడగకుంట వేరేటోళ్ళ ఫొటో తీస్తె కేసయితది. ముగ్గురిని అడిగిన, ఆ పిల్ల వాళ్ళమ్మను గూడ అడిగిన, ఫోన్ల పిల్ల మొఖం కనిపియ్యకుంట మసక చేసి పెట్టిన.

నీలిమసక
ఈ వారం ఇక్కడ పడ్డవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. మసక చేసినా ఆ చిన్న తెర మీద ఏడుపు తెలుస్తోంది.

డాలస్ వాసి
ఇంత బరువైన ఫొటో తర్వాత నాది పెట్టాలంటే మొహమాటంగా ఉంది, అయినా పెడుతున్నా. మా అత్తగారు సమ్మర్‌కి వచ్చారు. టెక్సస్ ఎండ చూడగానే ఆవిడకి ఒకటే దిగులు, ఇంత ఎండ ఊరికే పోతోందే అని. ఒకరోజు పొద్దున్న లేచి కిటికీలోంచి చూస్తే పెరట్లో పిల్లల ట్రాంపొలిన్ మీద పాత పంచె పరిచి వరసగా సగ్గుబియ్యం వడియాలు. చుట్టూ వల ఉంది కాబట్టి ఉడతలు రావట, పైగా కింద నుంచి కూడా గాలి ఆడుతుందట, ఇంజినీరింగ్ అంతా ఆలోచించే పెట్టారు. లోపల మావగారు టోపీ పెట్టుకుని మధ్యలో కూర్చుని కాపలా, కదిలితే వడియాలన్నీ ఎగురుతాయి కాబట్టి కాఫీ కూడా అక్కడికే. పై అంతస్తు కిటికీలోంచి నిట్టనిలువుగా తీశాను, నల్ల గుండ్రం మధ్యలో తెల్ల పంచె, దాని మీద చుక్కల ముగ్గులాగా వడియాలు, ఒక టోపీ. పిల్లలు మాత్రం మూడు రోజులు అలిగారు.

బెజవాడ బాబాయ్
మావగారికి నా సానుభూతి. ప్రింట్ వేయించి పంపండి, ఊళ్ళో అందరికీ చూపించుకుంటారు.

టమోటా మండీ
నేను ఫొటో మార్చినా, చూడండి. మొగం పైకి కోసేసి చేతులు, టవలు, కాయ మాత్రం ఉంచినా. పెద్దాయన మళ్ళీ ఎప్పుడన్నా సరుకు తెస్తే మండీలో కనపడతాడు, అప్పుడు మొత్తం ఫొటో ప్రింటు చేతికిస్తా, ఆయన పెట్టమంటే పెడతా.

ఐఎస్ఓ6400
నాశనం చేశారు. ఆ మొహంలోనే ఉంది ఫొటో అంతా. పాట వైపు వారగా చూస్తున్న ఆ చూపు పోయాక మిగిలింది కూరగాయల కొట్టు ప్రకటన.

ఓరుగల్లు పిల్ల
నాకైతె చేతులే మంచిగున్నయి. గోర్లల్ల మన్ను కనిపిస్తున్నది ఇప్పుడు, ఇంతకుముందు చూడనే లేదు.

హార్బర్ గాలి
ప్రింట్ ఇచ్చేసి వచ్చేను. పెద్ద సైజు ఒకటి, చిన్నవి రెండు. అప్ప చూసి చూసి "ఇంత నల్లగున్నానేటి నేను?" అన్నాది. నీడలో ఉన్నావప్పా అంటే "మరి ఎండలోకి రమ్మనకపోయేవా" అన్నాది. చుట్టూ జనం చేరిపోయేరు, నాది తియ్యి నాది తియ్యి అని, ఒకాయన బోటు పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు కూడాను, ఐఎస్ఓ గారికి ఫోన్ చేద్దామనుకున్నాను. అందరివీ తీసేను. అన్నీ అటెన్షన్‌లో నిలబడ్డ ఫొటోలే. వాళ్ళకవే గావాలి, వాటికీ కాయితాలు ఇవ్వాల. అప్ప మాత్రం ఇచ్చిన ప్రింట్లు కవర్లో పెట్టి ఐసుపెట్టెలో దాచీసింది, తడిసిపోతాది ఇంటికి పట్టుకెల్లు అంటే "ఇప్పుడు ఐసు ఎక్కడుంది?" అంది.

ఇడ్లీపొగ
నమస్తే, నాకో డౌట్. మా వీధి టిఫిన్ సెంటర్లో పొద్దున్నే ఐదింటికి ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి, వెనక బోర్డు వెలుగు, అదిరిపోతుంది సీను. కానీ ఎన్నిసార్లు తీసినా ఫొటో అంతా అడ్డంగా నల్ల గీతలు వస్తున్నాయి. ఆవిరి ఆగిపోయినట్టు రావాలని షట్టర్ 1/1000 పెట్టాను, సైలెంట్ మోడ్. కెమెరా పాడైందా? సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలా?

కిట్‌లెన్స్ చాలు
కెమెరాకి ఏం కాలేదు, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ ట్యూబ్‌లైట్లూ చవక ఎల్‌ఈడీలూ సెకనుకి 100 సార్లు ఆరి వెలుగుతుంటాయి, కంటికి తెలీదు. సైలెంట్ మోడ్‌లో సెన్సారు పైనుంచి కిందకి వరస వరసగా చదువుతుంది, 1/1000 దగ్గర కొన్ని వరసలకి లైటు వెలిగి ఉన్నప్పుడు, కొన్నిటికి మసకబారినప్పుడు వంతు వస్తుంది, అవే మీ గీతలు. షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెట్టండి, సైలెంట్ మోడ్ తీసేయండి. ఆవిరికి 1/100 చాలు, అయినా ఆవిరి కాస్త సాగితేనే ఆవిరిలా ఉంటుంది, మరీ గడ్డకట్టినట్టు వస్తే దూదిలా ఉంటుంది.

డాలస్ వాసి
మాకు ఇక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి 1/60, 1/125 పెడతాను, ఇండియా వచ్చినప్పుడు మార్చుకోవాలి. ఆ బోర్డు రంగులు మారే స్క్రోలింగ్ ఎల్‌ఈడీ అయితే మాత్రం దాని లెక్క వేరు, ఏం పెట్టినా సగం అక్షరాలే వస్తాయి.

ఇడ్లీపొగ
స్క్రోలింగే అండి, "వేడి వేడి" వరకూ వచ్చి ఆగుతోంది, ఇడ్లీ అనేది రావట్లేదు. 1/50 పెట్టి రేపు ట్రై చేస్తా. ఆయన్ని అడిగాను కూడా, తీసుకో గానీ చట్నీ గిన్నె వైపు తిప్పకు, పొద్దున్నే అది ఇంకా రుబ్బుతుంటారు అన్నాడు.